ఉడకబెడితే పోని విషం: సముద్రపు గుల్లల్లో పాదరసం

"బాగా ఉడకబెట్టి తింటే ఏ దోషమూ ఉండదు గదా, డాక్టరుగారూ?"

సముద్రతీరపు ఊళ్ళ నుంచి వచ్చే ఉత్తరాల్లో ఈ ప్రశ్న తరచు కనబడుతుంది. రొయ్యలు, పీతలు, ఆల్చిప్పలు, నత్తగుల్లలు తినేవాళ్ళు అడిగే ప్రశ్న ఇది. చాలా సందర్భాల్లో నా జవాబు "అవును" అనే. మురుగునీరు కలిసే చోట ఏరిన గుల్లల వల్ల టైఫాయిడ్, కలరా, పచ్చకామెర్లు వంటి జబ్బులు రావచ్చు. వాటిని కలిగించే సూక్ష్మజీవులు బాగా మరిగే నీళ్ళలో చస్తాయి. పచ్చివీ, సగం ఉడికినవీ తినకుండా ఉంటే ఆ బెడద చాలావరకు తప్పుతుంది.

కాని ఉడకబెట్టినా, నూనెలో వేయించినా, ఉప్పూ పసుపూ వేసి పదిసార్లు కడిగినా, చింతపండు పులుసు పోసి కాచినా పోని దోషం ఒకటుంది. అది పాదరసం. రంగు మారదు, వాసన రాదు, రుచి తేడా ఉండదు. తిన్న రోజున వాంతి గాని, విరేచనం గాని కాదు. అందువల్ల దీన్ని గురించి ముందుగా తెలుసుకుని ఉండడం తప్ప వంటింట్లో చెయ్యగలిగింది లేదు.

పాదరసం ఒకటే, రూపాలు మూడు

థర్మామీటరులో వెండిలా మెరిసే ద్రవం మనందరికీ తెలుసు. అది లోహరూపంలో ఉన్న పాదరసం. పొరబాటున మింగితే దాదాపు అంతా మలంతో బయటికి పోతుంది. దాని ఆవిరి పీల్చడమే ప్రమాదం. రసకర్పూరం వంటి లవణాలు రెండో రూపం. ఇవి పేగులనూ, మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి.

మూడోది మిథైల్ పాదరసం. చేపల్లో, గుల్లల్లో మనం భయపడవలసింది దీనికే. తిన్నదానిలో నూటికి 95 పాళ్ళు రక్తంలోకి చేరుతుంది. అక్కడినుంచి మెదడులోకి వెడుతుంది. గర్భిణి అయితే మాయను దాటి బిడ్డలోకి వెడుతుంది. ఒకసారి చేరినదానిలో సగం పోవడానికి సుమారు 50 రోజులు పడుతుంది. వారం వారం తింటూ ఉంటే పాతది పూర్తిగా పోకముందే కొత్తది వచ్చి కలుస్తుంది. ఖర్చు తక్కువ, జమ ఎక్కువ అయిన పద్దువంటిదే ఇది.

గుల్లలోకి ఎలా వస్తుంది?

బొగ్గు మండించినప్పుడూ, పాదరసంతో బంగారాన్ని వేరుచేసినప్పుడూ, కొన్ని రసాయన కర్మాగారాల వ్యర్థజలంతోనూ పాదరసం గాలిలోకీ నీటిలోకీ పోతుంది. అగ్నిపర్వతాల నుంచి సహజంగా వచ్చేది కూడా కొంత ఉంది. చివరికి చేరేది ఏటి మొగల్లోని, సముద్రపు అడుగునున్న బురదలోకి. ఆ బురదలో గాలి తగలకుండా బతికే కొన్ని సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి.

ఆల్చిప్పలు కదలకుండా ఒకచోట పడి ఉండి, రోజంతా నీటిని లోపలికి పీల్చి, అందులోని నలుసులను ఆహారంగా తీసుకుని, నీటిని వదులుతూ ఉంటాయి. పీతలు, రొయ్యలు అడుగున దొరికింది తింటాయి. చేప ఈదుకుంటూ మరో చోటికి పోగలదు. ఆల్చిప్ప పోలేదు. అందువల్ల అది ఉన్నచోటి నీరు ఎటువంటిదో ఆల్చిప్ప కూడా అటువంటిదే. మంచి నీటిలో పెరిగిన ఆల్చిప్పలో పాదరసం అతి స్వల్పంగా ఉంటుంది. విషపు కాలువ పక్కన పెరిగినది విషపు ముద్ద అవుతుంది.

ఇది కేవలం ఊహ కాదు. జపాన్ దేశంలో ఒక ఊరు దీన్ని అనుభవించింది.

మినమాటాలో ఏం జరిగింది?

క్యూషూ దీవిలో, కుమామోటో రాష్ట్రంలో, మినమాటా అనే తీరపట్టణం ఉంది. అక్కడి చిస్సో కంపెనీ కర్మాగారంలో 1932 నుంచి ఎసిటాల్డిహైడ్ అనే రసాయనం తయారు చేసేవారు. ఆ పనిలో పాదరసపు లవణం వాడేవారు. ప్రక్రియలోనే కొంత మిథైల్ పాదరసంగా మారి, వ్యర్థజలంతో అఖాతంలో కలిసేది. ఆ అఖాతం ఒడ్డున జాలరి కుటుంబాలు ఉండేవి. రోజూ మూడు పూటలా అక్కడి చేపలూ, గుల్లలే వాళ్ళ తిండి.

1950 తర్వాత వింతలు కనబడ్డాయి. చేపలు నీటి మీద తేలాయి. కాకులు ఎగురుతూ ఎగురుతూ కిందపడ్డాయి. పిల్లులు వణుకుతూ, గుండ్రంగా తిరుగుతూ, చిందులు తొక్కినట్టు గెంతి చచ్చిపోయాయి. ఊళ్ళోవాళ్ళు దానికి పిల్లి నాట్యపు రోగం అని పేరుపెట్టారు. పిల్లులు తినేది మనుషులు తినే చేపలే. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

1956 ఏప్రిల్‌లో అయిదేళ్ళ బాలికను కర్మాగారపు ఆసుపత్రికి తీసుకువచ్చారు. నడక తూలుతోంది, మాట ముద్దగా వస్తోంది, ఫిట్స్ వస్తున్నాయి. కొద్దిరోజుల్లో ఆమె చెల్లెలు కూడా అదే స్థితిలో వచ్చింది. ఇరుగుపొరుగున ఇంకా ఉన్నారని తెలిసింది. ఆ ఆసుపత్రి పెద్ద డాక్టరు హోసోకావా 1956 మే 1వ తేదీన, కారణం తెలియని మెదడు జబ్బు ఒకటి వ్యాపిస్తోందని ఆరోగ్యశాఖకు తెలియజేశారు. మొదట దాన్ని అంటువ్యాధి అనుకున్నారు. ఇళ్ళకు మందు కొట్టారు, రోగులను వేరు చేశారు. పొరుగువాళ్ళు వాళ్ళ గడప తొక్కడం మానేశారు.

అదే ఏడాది నవంబరు నాటికి కుమామోటో విశ్వవిద్యాలయపు వైద్యులు ఇది అంటువ్యాధి కాదనీ, అఖాతంలోని చేపల ద్వారా, గుల్లల ద్వారా వస్తున్న లోహవిషమనీ అనుమానించారు. 1957లో స్థానిక ఆరోగ్య కేంద్రంలో ఆ చేపలను పిల్లులకు పెట్టి చూస్తే వాటికీ జబ్బు వచ్చింది. మరి వెంటనే ఆ చేపల అమ్మకం ఆపాలి గదా? రాష్ట్ర అధికారులు కేంద్ర ఆరోగ్యశాఖను అడిగారు. "అఖాతంలోని చేపలు, గుల్లలు అన్నీ విషపూరితమనడానికి స్పష్టమైన ఆధారం లేదు కాబట్టి నిషేధించడం కుదరదు" అనే భావంతో 1957 సెప్టెంబరులో జవాబు వచ్చింది. తినవద్దని సలహా మాత్రం మిగిలింది. వేరే తిండి లేనివాడికి సలహా ఏం పనికొస్తుంది?

1959 జూలైలో విశ్వవిద్యాలయం వారు కారణం సేంద్రియ పాదరసమని ప్రకటించారు. ఆ ఏడాదే హోసోకావా కర్మాగారపు వ్యర్థజలాన్ని నేరుగా తిండిలో కలిపి ఒక పిల్లికి పెట్టారు. అక్టోబరులో దానికి జబ్బు వచ్చింది. కంపెనీ ఆ ఫలితాన్ని బయటపెట్టలేదు. 1965లో నీగాటా ప్రాంతంలో మరో కర్మాగారం వల్ల, నదిచేపలు తిన్నవారికి ఇదే జబ్బు వచ్చింది. మినమాటాలో ఎసిటాల్డిహైడ్ తయారీ 1968లో ఆగింది. కారణం ఇదేనని ప్రభుత్వం అధికారికంగా ఒప్పుకున్నది కూడా 1968 సెప్టెంబరులోనే. మొదటి కబురు అందిన నాటినుంచి 12 ఏళ్ళు. ఆ 12 ఏళ్ళూ జనం తింటూనే ఉన్నారు.

మినమాటా పరిసరాల్లో ప్రభుత్వం గుర్తించిన రోగులే 2,200 మంది పైచిలుకు. అఖాతం నోటికి 1974లో వలలు కట్టారు. విషపు బురదను తోడి, ఒడ్డున 58 హెక్టార్ల మేర పూడ్చడం 1990 దాకా పట్టింది. చేపలు తినవచ్చని చెప్పి వలలు తీసింది 1997లో.

తల్లికి లేని జబ్బు బిడ్డకు

మినమాటాలో వైద్యులను అన్నిటికంటె కలవరపరచినది ఇంకొకటి. ఆ గ్రామాల్లో పుట్టిన కొందరు పిల్లలు మెడ నిలపలేదు, నడవలేదు, మాట్లాడలేదు. వాళ్ళు చేపముక్క నోట పెట్టినవాళ్ళు కారు. తల్లులు చూడబోతే ఆరోగ్యంగానే ఉన్నారు, లేదా చేతులు కొద్దిగా తిమ్మిరెక్కుతాయి అనేవారు. అందువల్ల పుట్టుకతో వచ్చిన మామూలు పక్షవాతం అని కొట్టిపారేశారు.

డాక్టరు హరాడా వంటివారు ఇల్లిల్లూ తిరిగి, ఆ పిల్లలను పరీక్షించారు. ఇది గర్భంలోనే తగిలిన పాదరసమని 1962లో అంగీకారం కుదిరింది. మాయ విషాన్ని అడ్డుకుంటుందని అంతవరకు వైద్యులు నమ్మేవారు. మిథైల్ పాదరసాన్ని అది అడ్డుకోదు. పైగా తల్లి రక్తంలో కంటె బిడ్డ రక్తంలో ఎక్కువగా చేరుతుంది. జపాన్‌లో బిడ్డ బొడ్డుతాడును ఎండబెట్టి దాచుకునే ఆచారం ఉంది. ఏళ్ళ తర్వాత ఆ బొడ్డుతాళ్ళను పరీక్షిస్తే వాటిలో పాదరసం దొరికింది.

గర్భవతులకూ, కాబోయే తల్లులకూ ప్రత్యేకంగా జాగ్రత్త చెప్పడానికి కారణం ఇదే. "నాకేం కాలేదు" అన్న ధైర్యం బిడ్డ విషయంలో పనికిరాదు.

మరి మనం ఏం తినాలి?

ఇదంతా చదివి సముద్రపు తిండే మానేస్తామని అనుకోకండి. అది పెద్ద పొరబాటు. చేపల్లో, రొయ్యల్లో మంచి మాంసకృత్తులున్నాయి, అయొడిన్ ఉంది, బిడ్డ మెదడు పెరుగుదలకు కావలసిన కొవ్వులున్నాయి. ఏది, ఎక్కడిది అన్న రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

ముందు "ఏది?" అన్నది చూద్దాం. చిన్న చేపను పెద్ద చేప, దాన్ని ఇంకా పెద్దది తింటుంది. మెట్టు మెట్టుకూ పాదరసం పోగుపడుతుంది. ఎక్కువ కాలం బతికి, ఇతర చేపలను తినే పెద్ద చేపల్లో అది ఎక్కువ.

చిన్న లెక్క వేద్దాం. ఆహార సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల నిపుణులు 2003లో చెప్పిన హద్దు, మనిషి బరువులో కిలోకు వారానికి 1.6 మైక్రోగ్రాముల మిథైల్ పాదరసం. 60 కిలోల మనిషికి ఇది వారానికి 96 మైక్రోగ్రాములు. పెద్ద సొరచేప మాంసంలో గ్రాముకు సుమారు 1 మైక్రోగ్రాము ఉండవచ్చు. అంటే 100 గ్రాముల కూరతోనే వారం కోటా అయిపోయింది. మామూలు రొయ్యల్లో, ఆల్చిప్పల్లో ఇది సొరలో ఉన్నదాంట్లో నూరోవంతు. అవి ఆ హద్దు దాటాలంటే వారానికి తొమ్మిది కిలోలు తినాలి! మినమాటా అఖాతపు చేపల్లో, గుల్లల్లో మాత్రం గ్రాముకు 10 మైక్రోగ్రాములు మించి పాదరసం కనబడింది. అటువంటివి పది గ్రాములు, అంటే ఒక చిన్న గుల్లలోని కండ, చాలు.

కాబట్టి నెత్తళ్ళు, కవళ్ళు, కానగంతలు, రొయ్యలు, శుభ్రమైన నీటిలోని పీతలు, ఆల్చిప్పలు వారానికి రెండు మూడు సార్లు నిశ్చింతగా తినండి. పెద్ద సొర, కొమ్ముకోనం, బాగా పెద్ద వంజరం, పెద్ద తూర చేప ఎప్పుడో ఒకసారి చాలు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు పెద్ద సొరనూ, కొమ్ముకోనాన్నీ పూర్తిగా మానడం మంచిది.

ఇక "ఎక్కడిది?" అన్నది. గుల్లల విషయంలో ఇదే ముఖ్యం. కర్మాగారపు కాలువ కలిసే చోట, రేవులో, ఓడలు బాగుచేసే చోట, చెత్త పోసే ఏటిగట్టున ఏరిన ఆల్చిప్పలు, నత్తలు, పీతలు తినవద్దు. రెండు రోజులు మంచినీళ్ళలో ఉంచితే ఇసుక పోతుంది, కొన్ని సూక్ష్మజీవులు కూడా తగ్గుతాయి. పాదరసం మాత్రం అంత త్వరగా పోదు. అది కండలోని మాంసకృత్తులతో ముడిపడి ఉంటుంది. తోలు తీసినా, కొవ్వు తీసినా, లోపలిది తీసేసినా ప్రయోజనం లేదు.

మార్కెట్లో కొనేవాడు ఒక చేప కాకపోతే మరో చేప కొంటాడు. ఏటిగట్టున బుట్ట పట్టుకుని గుల్లలు ఏరుకునే ఆడమనిషికి ఆ వెసులుబాటు లేదు. ఆమె పిల్లలకు రోజూ అదే కూర. అందువల్ల ఏ కాలువ ఎక్కడ కలుస్తోందో చూసి, ఆ బురదనూ, ఆ గుల్లలనూ పరీక్ష చేయించడం అధికారుల బాధ్యత. ఆపవలసినప్పుడు ఆపి, ఆ కుటుంబాలకు వేరే దారి చూపడం కూడా వారి బాధ్యతే. చేపలు గుంపుగా తేలినా, తీరాన పిల్లులూ పక్షులూ వింతగా ప్రవర్తించినా, ఒకే పేటలో నలుగురైదుగురికి నడక తూలుతున్నా మత్స్యశాఖకూ, కాలుష్య నియంత్రణ మండలికీ, మీ ఆరోగ్య కేంద్రానికీ రాసి ఇవ్వండి. రసీదు తీసుకోండి.

లక్షణాలు ఎలా ఉంటాయి?

పెదవుల చుట్టూ, వేళ్ళ కొసల్లో తిమ్మిరి మొదట వస్తుంది. తర్వాత చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతుంది. నడక తూలుతుంది. మాట ముద్దగా వస్తుంది. గొట్టంలోంచి చూసినట్టు ఎదుటిది తప్ప పక్కలవి కనబడవు. వినికిడి తగ్గుతుంది. కాని చేతులు తిమ్మిరెక్కిన ప్రతివారికీ పాదరసమే కారణమనుకోకండి. మన దేశంలో మధుమేహం, బి-12 విటమిన్ లోపం, మెడ ఎముకల అరుగుదల, తాగుడు అంతకంటె చాలా ఎక్కువగా కనిపించే కారణాలు. ముందు వాటికి పరీక్ష చేయించుకోవాలి.

అనుమానం ఉంటే రక్తంలోనూ, తలవెంట్రుకల్లోనూ పాదరసం చూస్తారు. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది గనుక, కొన్ని నెలల తిండి చరిత్ర అందులో ఉంటుంది. దెబ్బతిన్న మెదడు కణాలను తిరిగి తెచ్చే మందు మాత్రం లేదు. ఒంట్లోని లోహాన్ని లాగేసే మందులంటూ ఎవరో చెప్పినవి కొని వాడకండి. వాటిలో కొన్ని పాదరసాన్ని మెదడులోకే నెట్టగలవు. తినడం ఆపడమే మొదటి వైద్యం.

ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి బాలింత. పాలు పడాలని మా అత్తగారు పాలసొర పొట్టు రోజూ పెట్టాలంటున్నారు. పెట్టవచ్చా?

జవాబు: మీ అత్తగారి ఉద్దేశం మంచిదే. బాలింతకు మాంసకృత్తులు కావాలి. పాలసొర చిన్నజాతి గనుక పెద్ద సొరలో ఉన్నంత పాదరసం ఉండదు. అయినా అది ఇతర చేపలను తినే చేపే. రోజూ వద్దు. నెత్తళ్ళు, కవళ్ళు, గుడ్లు, పప్పు, పాలు పెట్టండి. పాలు పడడానికి అసలు మందు, బిడ్డ తరచు పాలు తాగడమే. ఇప్పటికే కొన్నాళ్ళు సొర తిన్నా సరే, తల్లిపాలు మాత్రం ఆపవద్దు.

ప్రశ్న: ఎండుచేపల్లో పాదరసం ఎండలో ఆవిరైపోదా?

జవాబు: పోదు. ఎండినప్పుడు పోయేది నీరు. అందువల్ల తూకానికి తూకం చూస్తే ఎండుచేపలోనే ఎక్కువ ఉంటుంది. ఎండు నెత్తళ్ళతో భయం లేదు. రక్తపోటు ఉన్నవాళ్ళు ఉప్పు సంగతి చూసుకోవాలి. పెద్ద ఎండు సొర ముక్కలు తగ్గించండి.

ప్రశ్న: పాత థర్మామీటరు పగిలి పాదరసం నేలమీద పడింది. చీపురుతో ఊడ్చి తూములో పోశాము. పరవాలేదా?

జవాబు: ఒకసారికి కంగారు పడనక్కర లేదు. ఇకమీదట చీపురుతో ఊడవకండి. గుళికలు చిన్నవై ఆవిరి ఎక్కువవుతుంది. కిటికీలు తెరిచి, పిల్లలను బయటికి పంపి, గట్టి కాగితంతో గుళికలను ఒకచోటికి చేర్చి, మూత బిగిసే సీసాలో వెయ్యండి. దాన్ని ఆసుపత్రిలో ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వండి. తూములో పోస్తే అది కాలువలోకి, ఏటిలోకి, చివరికి ఆ ఆల్చిప్పల బురదలోకే పోతుంది. మినమాటా పేరుతోనే పాదరసంపై ఒక అంతర్జాతీయ ఒడంబడిక 2013లో కుదిరి, 2017లో అమలుకు వచ్చింది. మన దేశం 2018లో అందులో చేరింది. పాదరసపు థర్మామీటర్లు తగ్గిపోవడానికి కారణాల్లో అదొకటి. ఈసారి బ్యాటరీతో పనిచేసేది కొనుక్కోండి.